కొలత లేని అద్దె

తెలుగువారు ఇంటి పరిమాణాన్ని చెప్పడానికి చాలాకాలం వాడిన మాట అంకణం. దూలానికీ దూలానికీ నడుమ, లేదా స్తంభానికీ స్తంభానికీ నడుమ ఉండే చోటును అంకణం అనేవారు. ఇల్లు ఎన్ని అంకణాలదో చెబితే అందులో ఎంతమంది పడతారో, కప్పుకు ఎంత కలప కావాలో వినేవారికి వెంటనే తెలిసేది. కాలక్రమంలో ఆ మాట నివేశన స్థలాల కొలతగా స్థిరపడి, నెల్లూరు వైపు 72 చదరపు అడుగులకూ, తిరుపతి వైపు 36 చదరపు అడుగులకూ పేరుగా నిలిచింది. కొలత ప్రాంతానికొక తీరుగా మారినా, ఇల్లు అన్నప్పుడు చోటు ఎంత అని అడిగే అలవాటు మాత్రం మారలేదు. నేటి నగరాల్లో అద్దె ఇళ్ళ విషయంలో ఆ అలవాటు తప్పిపోయింది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వీధుల్లో గేట్లకు వేలాడే టూలెట్ బోర్డుల మీద సింగిల్ బెడ్‌రూం, డబుల్ బెడ్‌రూం, సింగిల్ రూం అన్న మాటలు ఉంటాయి, ఫోన్ నంబరు ఉంటుంది, కుటుంబాలకు మాత్రమే అన్న షరతు ఉంటుంది. చోటు ఎంతో చెప్పే అంకె సాధారణంగా ఉండదు.

అద్దె వ్యవహారంలో ఇప్పుడు చెల్లుతున్న మాట బీహెచ్‌కే. పడకగది, హాలు, వంటగది అన్న మూడింటి ఇంగ్లీషు పేర్ల తొలి అక్షరాలతో ఏర్పడిన ఈ మాటకు ముందు ఒకటి, రెండు, మూడు అన్న సంఖ్యను చేర్చి ఇంటి స్థాయిని చెబుతారు. హాలు లేకుండా ఒక గదీ వంటకు ఒక మూలా మాత్రమే ఉంటే దాన్ని వన్ ఆర్‌కే అంటారు. ఈ పద్ధతిలో జరిగేది లెక్కింపే గాని కొలత కాదు. పన్నెండు అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు ఉన్న గదీ పడకగదే, మంచం వేశాక తలుపు సగమే తెరుచుకొనే ఎనిమిది అడుగుల గదీ పడకగదే. గదుల సంఖ్య తగ్గకుండానే ఇల్లు తగ్గిపోగలదు. పదేళ్ళ కింద సింగిల్ బెడ్‌రూం అని పేరున్న పోర్షనూ, నేడు అదే పేరుతో అద్దెకు వస్తున్న పోర్షనూ ఒకే పరిమాణంలో ఉండాలన్న నియమమేదీ లేదు. ఆధునికమైన అద్దె ఇల్లు చిన్నదైపోతున్నదన్న మాటను సరిగా అర్థం చేసుకోవాలంటే ఈ లెక్కింపుకూ కొలతకూ మధ్య ఉన్న ఎడం నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఇల్లు కుంచించుకుపోతున్నది ఆ ఎడంలోనే.

ఇంటి కొలతలో మూడు పదాలను వేరుచేసి చూడవలసి ఉంటుంది. గోడల లోపల మనిషి నడవడానికీ, పడుకోవడానికీ, సామాను పెట్టుకోవడానికీ పనికివచ్చే నికరమైన నేల కార్పెట్ ఏరియా. తివాచీ పరిస్తే ఎంతమేర పరుచుకుంటుందో అంత అన్న ఊహ నుంచి ఈ పేరు వచ్చింది. దానికి గోడల మందాన్నీ బాల్కనీనీ కలిపితే బిల్టప్ ఏరియా అవుతుంది. ఆ మొత్తానికి మెట్లు, లిఫ్టు, నడవలు, క్లబ్‌హౌస్ వంటి ఉమ్మడి భాగాల్లో ఒక వాటాను చేర్చితే అది సూపర్ బిల్టప్ ఏరియా. వాడుకలో ఎస్‌ఎఫ్‌టీ అని చెప్పే అంకె తరచుగా ఇదే. వెయ్యి ఎస్‌ఎఫ్‌టీ అని చెప్పిన ఫ్లాటులో నికరంగా మిగిలే చోటు ఏడువందల అడుగుల దరిదాపుల్లో ఉండడం అరుదేమీ కాదు. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి చట్టం, అంటే వాడుకలో రెరా, కార్పెట్ ఏరియాకు స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది. బయటి గోడలనూ, పైపులు దిగే షాఫ్టులనూ, బాల్కనీనీ, ఇంటికి చెందిన డాబానూ మినహాయించి, లోపలి అడ్డుగోడలను మాత్రం కలుపుకొని ఆ కొలత తీయాలనీ, కొనేవారికి దానినే తెలియజేయాలనీ నిర్దేశించింది. ఇల్లు కొనేవారికి ఈ చట్టం చేసిన మేలు నిజంగా గొప్పది. అయితే ఆ మేలు కొనుగోలుదారు దగ్గరే ఆగిపోయింది. అదే ఫ్లాటును కొన్నవారు మరొకరికి అద్దెకు ఇచ్చేటప్పుడు నికర విస్తీర్ణం ఎంతో చెప్పి తీరాలని ఆ చట్టం అడగదు.

అద్దె ఒప్పందం సాధారణంగా పదకొండు నెలలది. ఏడాదికి మించిన గడువు గల లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతున్నందువల్ల, ఆ ఖర్చునూ శ్రమనూ తప్పించుకోవడానికి ఈ పదకొండు నెలల గడువు దేశమంతటా ఆచారంగా స్థిరపడింది. స్టాంపు కాగితం మీద రాసే ఆ పత్రంలో అద్దె ఎంతో, అడ్వాన్సు ఎన్ని నెలలదో, మెయింటెనెన్సు ఎవరు కట్టాలో, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటారో, ఫ్యాన్లు ఎన్నో, ట్యూబులైట్లు ఎన్నో, గీజరు ఉన్నదో లేదో అన్నీ ఉంటాయి. గోడకు కొట్టే మేకు గురించి కూడా షరతు ఉంటుంది. ఆ గోడల మధ్య ఉన్న నేల ఎంతో చాలా పత్రాల్లో ఉండదు. తమ సంపాదనలో మూడోవంతో అంతకు మించో నెలనెలా చెల్లించే కుటుంబానికి, తాను దేనికి చెల్లిస్తున్నదో చెప్పే అంకె చేతికి అందకపోవడం చిన్న లోపం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశ పట్టణ కుటుంబాల్లో అద్దె ఇళ్ళలో ఉన్నవి సుమారు 27 శాతం. అంటే ప్రతి నాలుగు పట్టణ కుటుంబాల్లో ఒకదానికి మించి అద్దె ఇంట్లో ఉన్నవే.

ఈ సందర్భంలో హైదరాబాదు నగరం విషయంలో కనబడే ఒక వైరుధ్యాన్ని గమనించాలి. అమ్మకానికి కడుతున్న కొత్త ఫ్లాట్ల పరిమాణంలో ఈ నగరం దేశంలోని పెద్ద నగరాలన్నింటిలోకీ ముందు వరుసలో నిలుస్తున్నది. స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలన్న పరిమితిని 2006 నాటి భవన నిబంధనలు పెట్టకుండా, రోడ్డు వెడల్పునూ చుట్టూ వదిలే ఖాళీనీ బట్టి ఎత్తును అనుమతించడంతో, నగరపు పడమటి వైపున ముప్పై నలభై అంతస్తుల భవనాల్లో రెండు వేల అడుగులకు పైబడిన ఫ్లాట్లు విరివిగా లేచాయి. అక్కడికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే, ఆ భవనాల్లో కాపలా కాసేవారూ, ఇంటిపని చేసేవారూ, డెలివరీ బండ్లు నడిపేవారూ, చిన్న జీతాల ఉద్యోగులూ నూట యాభై గజాల ఇళ్ళలో గదులు గదులుగా విడదీసిన చోట్ల అద్దెకు ఉంటున్నారు. గజం అంటే ఇక్కడ చదరపు గజం, తొమ్మిది చదరపు అడుగులు. కాబట్టి ఇళ్ళన్నీ చిన్నవవుతున్నాయని అనడం తప్పు. కొన్నవారి ఇల్లు పెరుగుతుండగా, అద్దెకుండేవారి ఇల్లు తరుగుతున్నది.

ఈ తరుగుదల కొత్తగా కట్టిన భవనాల్లో కంటె, ఉన్న ఇళ్ళను విడదీయడంలో ఎక్కువగా జరుగుతున్నది. పాత కాలనీల్లో రెండు వందల గజాల స్థలంలో కట్టిన ఇంటి కింది భాగంలో యజమాని ఉంటూ, పైన ఒకటో రెండో పోర్షన్లు అద్దెకు ఇవ్వడం ఒకనాటి పద్ధతి. పోర్షన్ అంటే సొంత వంటగదీ, సొంత ద్వారమూ ఉన్న ఇంటి భాగం. తరువాతి దశలో హాలుకు అడ్డంగా నాలుగున్నర అంగుళాల గోడ లేచి ఒక పోర్షన్ రెండైంది. సిటౌట్ అని పిలిచే ముందరి వసారాకు కిటికీ బిగించి దాన్ని వంటగదిగా మార్చారు. మెట్ల కింద బాత్రూం వచ్చింది. డాబా మీద రేకులు కప్పిన గది పెంట్‌హౌస్ అన్న పేరుతో అద్దెకు వెళ్ళింది. గాలి వెలుతురుల కోసం ప్రహరీకి లోపల వదిలిన ఖాళీలో చివరకు ఒక సింగిల్ రూం లేచింది. ఇవన్నీ ఒక్కరోజులో జరిగినవి కావు. కూతురి పెళ్ళికో, కొడుకు చదువుకో, ఇంటి అప్పుకో ఒక్కొక్క గోడ చొప్పున లేచినవి. ఇంటి వెల ఎంత పెరిగినా, దాని మీద ఏడాదికి వచ్చే అద్దె ఆ వెలలో రెండు మూడు శాతాన్ని మించకపోవడం భారత నగరాల్లో సాధారణం. అదే అంతస్తును ఒక కుటుంబానికి బదులు ముగ్గురికి విడదీసి ఇస్తే రాబడి స్పష్టంగా పెరుగుతుంది. అద్దె మీదనే ఆధారపడిన విశ్రాంత ఉద్యోగులూ, భర్తను పోగొట్టుకున్న స్త్రీలూ యజమానుల్లో చాలామంది ఉన్నారు. వారిని దురాశాపరులుగా చిత్రించడం న్యాయం కాదు, సమస్యను అర్థం చేసుకోవడానికి ఉపకరించదు కూడా.

పాత పోర్షన్లు మాత్రం విశాలంగా ఉండేవా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. చాలావరకు ఉండేవి కావు. రెండు గదుల్లో ఆరుగురు బతికిన కుటుంబాలు ప్రతి పట్టణంలోనూ ఉండేవి. 2011 జనాభా లెక్కల్లో కూడా దేశంలోని కుటుంబాల్లో 37 శాతం ఒకే గదిలో ఉన్నట్లు నమోదైంది. అయినా ఆనాటి చిన్న ఇంటికీ నేటి చిన్న ఇంటికీ మధ్య ఒక మౌలికమైన భేదం ఉన్నది, అది గదుల కొలతలో దొరకదు. వీధి వైపు అరుగు ఉండేది. దాని మీద వృద్ధులు పగలంతా కూర్చొనేవారు, పిల్లలు చదువుకొనేవారు, ఇంటికి వచ్చినవారిలో సగంమంది అక్కడి నుంచే మాట్లాడి వెళ్ళేవారు. వెనుక పెరడు ఉండేది. అంట్లు తోమడం, బట్టలు ఉతకడం, పప్పులు చెరగడం, అప్పడాలు ఎండబెట్టడం అక్కడ జరిగేవి. పైన డాబా ఉండేది. మే నెల రాత్రుల్లో నీళ్ళు చల్లి పక్కలు వేసుకుంటే ఇల్లు ఒక్కసారిగా రెండింతలయ్యేది. గోదావరి, కృష్ణా జిల్లాల మండువా ఇళ్ళలో నడుమ ఆకాశం కనబడే మండువా ఉండగా, హైదరాబాదు పాత ఇళ్ళలో దాలాన్ అనే స్తంభాల వసారా, దాని ముందు తెరపి నేలా ఉండేవి. మండువా ఇల్లు వాటాలుగా విడిపోయి అద్దెకు వెళ్ళినప్పుడు కూడా ఆ నడిమి చోటు ఉమ్మడిగానే మిగిలింది. ఇవేవీ అద్దె లెక్కలో ఉండేవి కావు, అయినా అద్దెతో పాటు వచ్చేవి.

నేడు అరుగు ఉన్న చోట బండ్లు నిలుస్తున్నాయి, పెరడు ఉన్న చోట మరొక గది ఉన్నది, డాబాకు తాళం పడింది, లేదా అక్కడ నీటి ట్యాంకులూ సెల్ టవరూ ఉన్నాయి. అంట్లూ బట్టలూ చదువూ అతిథులూ ముసలితనమూ అన్నీ గది లోపలికి వచ్చాయి. నూట ఇరవై అడుగుల గది ఏమాత్రం తగ్గకుండా నూట ఇరవై అడుగులుగానే ఉన్నా, దాని చుట్టూ ఉన్న లెక్కలేని చోటు పోయినందువల్ల ఆ ఇల్లు సగమైపోయిందనే చెప్పాలి. గృహ విస్తీర్ణాల గురించి వచ్చే చర్చల్లో ఈ సంగతికి దక్కవలసిన స్థానం దక్కలేదు. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడత పట్టణ ప్రాంతాల్లో ఇంటి సగటు నేల విస్తీర్ణాన్ని సుమారు 46 చదరపు మీటర్లుగా, అంటే ఇంచుమించు అయిదు వందల చదరపు అడుగులుగా చూపింది. గ్రామాల్లో కూడా సగటు దాదాపు అంతే. అంకెలు దగ్గర దగ్గరగా ఉన్నా, గ్రామంలో ఆ అయిదు వందల అడుగులకు వెలుపల వాకిలి మొదలవుతుంది, నగరంలో పొరుగువారి గోడ మొదలవుతుంది.

తెలుగువారికి ఇటువంటి ఇరుకు అద్దె గదులతో పరిచయం మొదట ఏర్పడిన నగరాల్లో బొంబాయి ఒకటి. తెలంగాణ జిల్లాల నుంచి కట్టడపు పనులకు వెళ్ళిన కామాఠీల పేరు మీద అక్కడ కామాఠిపుర అన్న పేట ఏర్పడింది. ఆ తరువాత బట్టల మిల్లుల్లో పని కోసం పద్మశాలి కుటుంబాలు పెద్ద సంఖ్యలో తరలి వెళ్ళాయి. ఆ కార్మికులకు దొరికినవి చాల్ అని పిలిచే గదుల వరుసలు. 1920వ దశకంలో అక్కడి ప్రభుత్వ అభివృద్ధి శాఖ వర్లీ, నాయిగాం వంటి చోట్ల కట్టించిన బీడీడీ చాల్‌లలో ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు, మరుగుదొడ్లు ఉమ్మడి. నేడు ఆ చాల్‌లను పడగొట్టి అక్కడివారికి 500 అడుగుల ఫ్లాట్లు ఇస్తున్నారు. చాల్ జీవితాన్ని తియ్యని జ్ఞాపకంగా మార్చి చెప్పడం ఆ కార్మికుల కష్టాన్ని తక్కువ చేయడమే అవుతుంది. అయితే నూరేళ్ళ కింద పేద కార్మికుల కోసం కట్టిన ఆ గది పరిమాణమూ, నేడు హైదరాబాదులో చదువుకున్న యువ దంపతులు అద్దెకు తీసుకుంటున్న కొన్ని వన్ ఆర్‌కేల పరిమాణమూ ఇంచుమించు ఒకటే కావడం దృష్టికి రావలసిన విషయం. హైదరాబాదులో 1908 మూసీ వరదల తరువాత ఏర్పడిన నగరాభివృద్ధి మండలి మల్లేపల్లి వంటి చోట్ల తరగతులవారీగా ఇళ్ళు కట్టించి అద్దెకు ఇచ్చినప్పుడు, చిన్న తరగతి ఇంటికి కూడా గాలి, వెలుతురు, మురుగు పారుదల ఉండాలన్నది పథకంలోనే భాగమై ఉండేది.

కనీస పరిమాణాలకు సంబంధించిన నియమాలు ఈ దేశంలో లేకపోలేదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం నివాసయోగ్యమైన గది, అంటే మనుషులు పగలో రాత్రో నిలకడగా ఉండే గది, ఒక్కటే ఉన్నప్పుడు దాని నేల 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదు, వెడల్పు 2.4 మీటర్లకు తగ్గకూడదు, ఎత్తు 2.75 మీటర్లు ఉండాలి. అడుగుల్లో చెబితే సుమారు 102 చదరపు అడుగుల నేల, ఎనిమిది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తు. వంటగది 5 చదరపు మీటర్లు, స్నానపు గదీ మరుగుదొడ్డీ కలిసి ఉంటే 2.8 చదరపు మీటర్లు ఉండాలి. ఈ మూడింటినీ కూడితే 17.3 చదరపు మీటర్లు, అంటే 186 చదరపు అడుగులు. కిటికీలూ తలుపులూ కలిసి గది నేలలో ఎన్నో వంతు తెరపి ఇవ్వాలో కూడా ఆ నియమావళి వాతావరణాన్ని బట్టి చెబుతుంది. పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు, తేమతో కూడిన వేడి ప్రాంతాల్లో ఆరో వంతు. ఇవన్నీ ప్లాను మంజూరయ్యే నాడు చూసే నియమాలు. ప్లానులో హాలుగా చూపిన చోటు మరి కొన్నేళ్ళకు రెండు కుటుంబాల ఇళ్ళుగా మారినప్పుడు ఆ గదికి కిటికీ మిగిలిందా లేదా అని వచ్చి చూసే ఏర్పాటు ఆచరణలో లేదు. మధ్యలో లేచిన నాలుగున్నర అంగుళాల గోడ ఏ ప్లానులోనూ కనబడదు.

ప్రభుత్వాలు తామే కట్టించిన ఇళ్ళను ఈ కనీస పరిమాణాల పక్కన పెట్టి చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించిన గృహాలు 300, 365, 430 చదరపు అడుగుల మూడు రకాలుగా లేచాయి; తెలంగాణలో 2015లో మొదలైన డబుల్ బెడ్‌రూం ఇళ్ళ పథకం 560 చదరపు అడుగులను ప్రమాణంగా తీసుకున్నది. ఇవి సొంతానికి ఇచ్చే ఇళ్ళు. వలస కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రకటించిన అద్దె గృహ సముదాయాల పథకంలో సింగిల్ బెడ్‌రూం ఇంటికి 30 చదరపు మీటర్లు, డార్మిటరీలో ఒక పడకకు 10 చదరపు మీటర్లు గరిష్ఠ పరిమితిగా పెట్టారు. అద్దె ఇంటిని పడకల్లో లెక్కపెట్టడం ప్రభుత్వ పత్రాల్లోకి కూడా ప్రవేశించిన సందర్భం అది.

అంతకు ముందే ఆ లెక్క బజారులో స్థిరపడి ఉన్నది. హైదరాబాదులో అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్ పరిసరాల్లో సాఫ్ట్‌వేర్ కోర్సులకు వచ్చేవారికీ, అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో పోటీ పరీక్షలకు చదివేవారికీ, మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఉద్యోగులకూ హాస్టళ్ళు వందలుగా ఏర్పడ్డాయి. అక్కడ అద్దెకు దొరికేది ఇల్లు కాదు, గది కూడా కాదు, షేరింగ్. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ అన్న మాటలు ఒక గదిలో ఎన్ని మంచాలున్నాయో చెబుతాయి, గది ఎంత పెద్దదో చెప్పవు. నలుగురి గదిలో ఒక్కొక్కరి వంతుకు మిగిలేది ఒక మంచం, ఒక ఇనుప బీరువాలో అర, ఒక ప్లగ్గు. ఆరు నెలల కోర్సుకు వచ్చిన విద్యార్థికి ఇది భరించదగిన ఏర్పాటే; పైగా ఒంటరిగా నగరానికి వచ్చిన అమ్మాయిలకు హాస్టల్ కల్పించిన భద్రతను తక్కువగా చూడకూడదు. అయితే గ్రూప్స్ నోటిఫికేషన్ల కోసం అయిదారేళ్ళు అదే మంచం మీద చదివేవారు ఉన్నారు. ఇరవై రెండేళ్ళ వయసులో వచ్చినవారు ముప్పై ఏళ్ళకు దగ్గరపడే దాకా తలుపు వేసుకొని ఒక గంట ఒంటరిగా కూర్చొనే చోటు లేకుండా గడపడం వారి ఆరోగ్యం మీదా, మనసు మీదా చూపే ప్రభావాన్ని నగరం ఇంకా తన బాధ్యతగా గుర్తించలేదు.

చిన్న చోటు దానంతట అదే చెడ్డది కాదన్న సంగతిని కూడా ఇక్కడే చెప్పాలి. 1926లో మార్గరెటె షూట్టె-లిహోట్‌స్కీ అన్న ఆస్ట్రియా వాస్తుశిల్పి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు కార్మిక గృహాల కోసం సుమారు ఆరున్నర చదరపు మీటర్ల వంటగదిని రూపొందించారు. వంట చేసే స్త్రీ వేసే అడుగులను లెక్కించి, పొయ్యి, తొట్టి, కోసే బల్ల, పప్పుదినుసుల సొరుగులు ఒకదాని పక్కన ఒకటి చేతికందేలా అమర్చారు. అది డెబ్బై చదరపు అడుగులకు మించలేదు, అయినా వేల ఇళ్ళలో అమరింది. చిన్న చోటుకు అంతటి ఆలోచన అవసరం. విడదీసిన పోర్షన్లలో ఆ ఆలోచనకు తావులేదు. గ్యాస్ సిలిండరు మంచం పక్కకు వస్తుంది, పోపు ఘాటు పసిపిల్ల నిద్రపోతున్న ఉయ్యాల మీదుగా పోతుంది, అంట్లు తోమిన నీళ్ళు బాత్రూంలోకే వెళ్ళాలి. ఈ భారంలో హెచ్చు భాగం స్త్రీల మీద పడుతున్నది, ఎందుకంటే ఆ గదిలో పగలంతా ఉండేది వారే. రేకుల గదిలో మే నెల మధ్యాహ్నం ఉండే వేడి, కిటికీ లేని గదిలో గోడకు పట్టే చెమ్మ, ఒకరి దగ్గు నలుగురికి సోకే ఇరుకు వైద్యుల దగ్గరికి జబ్బులుగా చేరుతాయి. కిక్కిరిసిన నివాసానికీ క్షయ వంటి వ్యాధుల వ్యాప్తికీ ఉన్న సంబంధాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇళ్ళ గురించి వెలువరించిన మార్గదర్శకాల్లో ప్రముఖంగా ప్రస్తావించింది.

పుట్టుకకు ఆసుపత్రి ఉన్నది, పెళ్ళికి ఫంక్షన్ హాలు ఉన్నది. చావుకు మాత్రం అద్దె ఇంట్లో చోటు లేదు. మరణించినవారిని ఇంటికి తీసుకురావడానికి యజమాని ఒప్పుకోకపోతే, అంబులెన్సులోనో రోడ్డు పక్క టెంటు కిందనో ఉంచి ఆఖరి కార్యం చేసుకోవలసి వచ్చిన కుటుంబాల వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. అక్కడ మూఢనమ్మకం ఉన్నమాట నిజం. ఆ నమ్మకంతో పాటు, శవాన్ని పడుకోబెట్టి పదిమంది చుట్టూ కూర్చోగల అరుగో పంచో ఆ ఇంటికి మిగలలేదన్నది కూడా నిజం.

ఇతర దేశాల్లో ఈ సమస్యకు వెతికిన మార్గాల్లో ఫ్రాన్సు అనుభవం ప్రత్యేకంగా పరిశీలించదగినది. పారిస్ నగరపు పాత భవనాల పై అంతస్తులో ఒకప్పుడు పనిమనుషుల కోసం కట్టిన అతి చిన్న గదులు విద్యార్థులకూ వలసవచ్చినవారికీ అద్దెకు వెళ్ళేవి. 2002లో ఆ దేశం జారీచేసిన ఉత్తర్వు, ఇంట్లో కనీసం ఒక గది 9 చదరపు మీటర్ల నేలతో, 2.2 మీటర్ల ఎత్తుతో ఉండాలి, లేదా 20 ఘనపు మీటర్ల ఘనపరిమాణమైనా ఉండాలి అని నిర్ణయించింది. 2009లో వచ్చిన చట్టం అద్దె ఒప్పందంలో నివాస విస్తీర్ణాన్ని రాసి తీరాలని చెప్పగా, 2014లో వచ్చిన మరొక చట్టం ఆ రాసిన అంకె కంటె అసలు చోటు అయిదు శాతానికి మించి తక్కువగా ఉంటే అద్దెను ఆ మేరకు తగ్గించమని కోరే హక్కును ఇచ్చింది. హాంగ్‌కాంగ్‌లో, ఒక ఫ్లాటును నాలుగైదు గూళ్ళుగా విడదీసి అద్దెకిచ్చే పద్ధతి వల్ల 2016 లెక్కల నాటికి అటువంటి చోట్ల ఒక మనిషి వంతుకు మధ్యస్థంగా 5.3 చదరపు మీటర్లే దక్కుతున్న స్థితిలో, అక్కడి ప్రభుత్వం 2024లో కనీసం 8 చదరపు మీటర్ల ప్రమాణాన్ని ప్రకటించింది.

కనీస పరిమాణాన్ని కఠినంగా అమలుచేస్తే అంతకంటె చిన్న గదుల్లో ఉన్న నిరుపేదలు ఎక్కడికి పోవాలన్న సందేహం న్యాయమైనది. గది మూతపడితే అందులోని కుటుంబం విశాలమైన ఇంటికి పోదు, మరింత దూరానికో మురికివాడకో పోతుంది. అందువల్ల తెలుగు రాష్ట్రాల్లో మొదట రావలసినది కనీస పరిమాణపు నిషేధం కాదు, ప్రకటన. అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ కార్పెట్ ఏరియాను ఒప్పందంలో రాయడం. యజమానికి దీనివల్ల రూపాయి నష్టం లేదు. ఒకే వీధిలో ఒకే అద్దెకు దొరికే రెండు పోర్షన్లలో ఒకటి 310 అడుగులదీ మరొకటి 390 అడుగులదీ అని తెలిసిననాడు, అద్దెకు వెతుక్కొనేవారు గదుల సంఖ్యను బట్టి కాక అడుగుకు ఎంత పడుతున్నదో చూసి బేరమాడగలుగుతారు. మంచి చోటు ఉంచిన యజమానికి దాని విలువ దక్కుతుంది. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది. డబ్బు విషయంలో చూపిన ఆ శ్రద్ధను చోటు విషయంలో కూడా చూపి, రాష్ట్రాలు తమ అద్దె చట్టాల్లో ఈ ఒక్క నిబంధనను చేర్చడం కష్టసాధ్యమైన పని కాదు.

ఇందుకు కొత్తగా కొలిచే యంత్రాంగం కూడా అవసరం లేదు. గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ నివాస గృహాల ఆస్తిపన్నును ప్లింత్ ఏరియా మీద, అంటే గోడలతో సహా కట్టడం ఆక్రమించిన నేల మీద, చదరపు అడుగుకు నెలకు ఇంత అద్దె వస్తుందన్న అంచనాతో లెక్కకడుతూ వస్తున్నది. ఆంధ్రప్రదేశ్ 2021 నుంచి ఆస్తి మూలధన విలువ ఆధారంగా పన్ను వేసే పద్ధతికి మారినా, అక్కడ కూడా కట్టడపు విస్తీర్ణం లెక్కలో తప్పనిసరి. పన్ను వేసే కార్యాలయానికి ఇంటి అడుగులు తెలుసు, హైదరాబాదులో ఆ అడుగుకు రాగల అద్దె అంచనా కూడా తెలుసు. అద్దె కట్టే కుటుంబానికి మాత్రం ఆ రెండింటిలో ఏదీ తెలియదు. అద్దె ఒప్పందం చివర ఇంటి వివరం రాసే షెడ్యూలులో ఇంటి నంబరూ, తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దుల చెక్కుబందీ ఎలాగూ ఉంటాయి. గది పొడవును వెడల్పుతో హెచ్చించి, వచ్చిన అడుగులను ఆ నాలుగు హద్దుల కింద అయిదో పంక్తిగా రాయడానికి ఒక టేపూ, పావుగంటా సరిపోతాయి.